మూడోసారి పిలవని గొంతు

మొన్న సెలవు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, కుసుమంచిలో మా ఇంటి వసారాలో కూర్చుని నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే, పక్కన మంచం మీద పడుకున్న మా చెల్లెలి కూతురి ఫోను చిన్నగా మోగింది. ఆ పిల్ల ఖమ్మంలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ఏదో కంపెనీకి కంప్యూటర్ పని చేసిపెడుతుంటుంది. ఫోను ఒకసారి చూసుకుని, "పెద్దమ్మా, నా ట్యాక్స్ పైసలు వాపసొచ్చినయ్" అని చెప్పి, ఏమీ జరగనట్టే అటు తిరిగి పడుకుంది. జీతంలో కోసుకున్న పన్ను, తను కట్టనక్కర్లేని పన్ను, ఇంట్లో కూర్చుని ఫోనులో ఏవో నాలుగు గడులు నింపి పంపితే తిరిగొచ్చి ఖాతాలో పడిందన్నమాట. సంతోషించాల్సింది పోయి, ఎందుకన్నానో నాకే తెలియదు, "ఎవరన్నా పిలిచారా? ఎన్నిసార్లు పిలిచారు?" అని అడిగాను. ఆ పిల్ల లేచి కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. పేపర్లు దిద్ది దిద్ది పెద్దమ్మకు బుర్ర తిరిగిందనుకుని ఉంటుంది.

నా ఈడు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండువేల సంవత్సరం దాటిన ఆ మొదటి పదేళ్లు ఎంత విచిత్రంగా గడిచాయో వాళ్లకూ గుర్తుండే ఉంటుంది. ఊళ్లోకి సెల్‌ఫోను వచ్చింది గానీ సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి. కంప్యూటర్ వచ్చింది గానీ చెప్పులు బయట విడిచి, గుడిలోకో చర్చిలోకో పోయినంత భక్తిగా ఆ గదిలోకి అడుగు పెట్టాలి. కొత్తది వచ్చీ రానట్టు, పాతది పోయీ పోనట్టు ఉండేది. నేను చెప్పబోయేది కూడా అలాగే సగం ప్రభుత్వ కాగితాల సంగతి, సగం మరేదో సంగతి. రెండో సగం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాన్న అశ్వారావుపేట చుట్టుపక్కల తోటల నుంచి పామాయిల్ గెలలు మిల్లుకు తోలే ట్రాక్టర్ డ్రైవరు. నేను బడి నుంచి వచ్చే వేళకు ఆయన ట్రాక్టర్ ఎదురైతే, బండి ఆపి, మొహం గంభీరంగా పెట్టి, సార్లు హాజరు పిలిచినట్టు నా పూర్తి పేరు, దాని వెనకే "తండ్రి" అని తన పేరు, చివర కొంచెం సాగదీసి గట్టిగా పిలిచేవాడు. నేను రోడ్డు మీదే చేతులు కట్టుకుని "ప్రెజెంట్ సార్" అనాలి. అంటేనే ట్రాక్టర్ ఎక్కించుకునేవాడు. ఇంట్లో అందరికీ నేను చిన్నపేరుతోనే తెలుసు. ఆ పూర్తి పేరు బడి రిజిస్టర్‌లో ఉండేది, నాన్న నోట్లో ఉండేది.

ఆయన పోయాక నా డిగ్రీ మొదటి ఏడాదితోనే ఆగిపోయింది. అమ్మా నేనూ కిరాయి ఇల్లు ఖాళీ చేసి, మా మేనత్త, అంటే నాన్నకు అక్క, ఆమె ఊరికి చేరాం. చెల్లెలిని హాస్టల్లో వేశాం. మేనత్త ఊరు అశ్వారావుపేట దాటి బాగా లోపలికి, ఒక పక్క రిజర్వు అడవి, ఇంకో పక్క పామాయిల్ తోటలు. బస్సు దిగి ఊళ్లోకి పోవాలంటే ఆ తోటల మధ్య నుంచి పోయే బండి బాట ఒక్కటే దారి.

పామాయిల్ తోట చూడని వాళ్లకు ఆ చీకటి ఎలాంటిదో చెప్పడం కష్టం. మామిడి తోటలో నీడ ఉంటుంది, ఆ నీడలో ఎండ చుక్కలుంటాయి, పిట్టలుంటాయి. ఇక్కడ పైన మట్టలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఆకాశమనేది లేకుండా చేస్తాయి, మిట్టమధ్యాహ్నం కూడా లోపల పొద్దుగూకినట్టే ఉంటుంది. చెట్ల వరుసలు ఎటు చూసినా ఒకేలా ఉండటంతో ఎంత నడిచినా నడిచినట్టుండదు. కోసి పడేసిన మట్టలు కుళ్లి నేల మెత్తబడి అడుగు చప్పుడు పైకి రాదు. పక్కన నడిచే మనిషి మాట్లాడటం ఆపేస్తే, ఉన్నాడో లేడో తిరిగి చూసుకోవాలి. లోపల గెలలు కోసే వాళ్లు కూడా ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేవాళ్లు కాదు, కూతలు వేసుకునేవాళ్లు. ఎవరి కూత ఏదో వాళ్లకు తెలుసు.

ఎందుకలా అని మేనత్తను అడిగితే, ఆదివారం చర్చిలో అందరికంటే ముందు వరుసలో కూర్చుని అందరికంటే పెద్ద గొంతుతో పాడే మా మేనత్త, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది. "అడవి రెండుసార్లే పిలుస్తది బిడ్డా. మనిషైతే మూడోసారి గూడ పిలుస్తడు. మూడోది ఇనబడ్డంకనే పలకాలె." అడవి లోపలి గూడేల వాళ్ల భాష వేరు, దేవుళ్లు వేరు, కానీ ఈ పద్ధతి మాత్రం ఆ చుట్టుపక్కల అందరిదీ ఒక్కటే. చర్చికి పోయేదానివి నీకిదేం నమ్మకం అని నేను ఆటపట్టిస్తే, దేవుడు కూడా కావాలనుకున్న మనిషిని ఒక్కసారి పిలిచి ఊరుకోడని, పలికేదాకా పిలుస్తూనే ఉంటాడని, ఒకటి రెండుసార్లు పిలిచి ఊరుకునేవాళ్లతోనే భయమని ఎదురు పాఠం చెప్పేది. ఆమెతో వాదించి గెలిచిన పాస్టరు కూడా లేడు, నేనెంత.

నాన్న పోయిన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఈ మేనత్త ఊరి తోట గట్టునే, ట్రాక్టర్ నీడలో, నలుగురితో కలిసి అన్నం తింటున్న నాన్న ఉన్నట్టుండి తలెత్తి, "ఆ, వస్తున్నా" అని, గిన్నె మీద మూత పెట్టి, చెయ్యన్నా కడుక్కోకుండా తోటలోకి నడిచి వెళ్లాడట. ఆయన్ను ఎవరూ పిలవలేదని, తమకేమీ వినబడలేదని పక్కన కూర్చున్న వాళ్లంతా చెప్పారు. పొద్దు వాలేదాకా రాకపోతే కూతలు వేస్తూ వెతికారు. ఒక చెట్టు మొదట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే దొరికాడు. మడమ మీద పాము కాటు ఉంది. అమ్మ ఎప్పుడడిగినా పాము కరిచింది, అంతే అనేది. మేనత్త ఎప్పుడడిగినా మొదటి పిలుపుకే పలికిండు నా తమ్ముడు అనేది. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఇద్దరూ ఆ రెండు మాటలే ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఒక్కనాడూ పోట్లాడుకోలేదు, ఒక్కనాడూ ఒప్పుకోనూ లేదు.

కొన్నేళ్లు అలా గడిచాక, దూరవిద్యలో డిగ్రీ మళ్లీ మొదలుపెట్టాను. ఫీజుల కోసం పని వెతుక్కుంటుంటే ఒక కాంట్రాక్టరు దగ్గర సర్వే పని దొరికింది. అడవి అంచు పల్లెల్లో ఏ ఇంట్లో ఎంతమంది, ఏం పండిస్తారు, తాగే నీళ్లు ఎక్కడివి అని ఇల్లిల్లూ తిరిగి రాసుకురావాలి. నాకు జోడీగా అశ్వారావుపేటలో సైకిళ్ల దుకాణం నడిపే సాయిబు గారి అమ్మాయిని వేశారు, ఆమె కూడా నాలాగే చదువుకుంటూ పని చేసేదే. ఇంటి యజమానుల పేర్లున్న కాగితం ఒకటి చేతికిచ్చారు. మేము దడి బయట నిలబడి పేరు పెట్టి పిలిచేవాళ్లం. ఒకసారి పిలిస్తే లోపల రోకటి చప్పుడు ఆగిపోయేది. రెండోసారి పిలిస్తే గాజుల చప్పుడు కూడా ఆగిపోయేది. పొయ్యి పొగ మాత్రం కప్పు మీద నుంచి లేస్తూనే ఉండేది. మేము కాసేపు నిలబడి, ఇల్లు తాళం అని రాసుకుని వచ్చేసేవాళ్లం. మొదటి వారం కాగితాలు చూసి మా సూపర్‌వైజర్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. ఊరు ఊరంతా తాళం వేసుకుని ఎక్కడికి పోయిందని అరిచాడు.

ఇంటికొచ్చి చెబితే మేనత్త పడీ పడీ నవ్వింది. ఇన్నాళ్లు చెప్పింది చెవిన పెట్టలేదా అంది. నేను తోట వరకే ఆ మాట అనుకున్నాను గానీ ఇంటి గుమ్మాలకూ అదే లెక్కని తోచలేదు. ఆ తరువాత మూడుసార్లు పిలవడం నేర్చుకున్నాం. మూడోది నోట్లోంచి పూర్తిగా రాకముందే, అప్పటిదాకా తలుపు వెనకే ఉన్నట్టు, నవ్వుతూ మనిషి వచ్చేవాడు, మంచినీళ్లిచ్చేవాడు, చాప వేసేవాడు. కానీ రెండో పిలుపుకూ మూడో పిలుపుకూ మధ్య ఆ కాసేపు ఉండేదే, లోపల ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి మమ్మల్ని వింటున్నారని తెలిసేది. మూడోసారి పిలిచేదాకా ఆ ఇంటి లెక్కలో మేము మనుషులం కాదు. సైకిళ్ల దుకాణం అమ్మాయి ఆ కాసేపట్లో నా కొంగు పట్టుకుని నిలబడేది, నన్నెందుకు పట్టుకుంటావే, నేనే నీకంటే భయపడుతున్నాను అంటే వినేది కాదు.

కాంట్రాక్టరు డబ్బులిచ్చిన ప్రతిసారీ పదో వంతు పన్ను కింద కోసుకునే ఇచ్చేవాడు. పెద్ద ఉద్యోగస్తుడికీ అదే కోత, నాలాంటి దానికీ అదే కోత. పోయింది పోయిందే అనుకున్నాం. ఆ ఏడాది క్రిస్మస్‌కు మా బావ, అంటే మేనత్త కొడుకు, ఖమ్మం నుంచి వచ్చాడు. బావ అనగానే మీరనుకునేదేమీ లేదు, ఆయనకు అప్పటికే పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఖమ్మంలో ఒక ఆడిటర్ దగ్గర గుమస్తాగా చేసేవాడు. నా కోత సంగతి విని మాంసం కూర కలుపుకుంటున్న చెయ్యి ఆపేశాడు. "పిచ్చిదానా, నీకొచ్చిందాంట్ల ట్యాక్స్ పడేదే లేదు. ఆయన కోసి సర్కారుకు కట్టిండు, అది నీ పేరు మీదనే ఉన్నది. అడిగితే ఇస్తరు, అడగకపోతే ఎందుకిస్తరు?"

అలా మొదలైంది. ఏడాది మొత్తం మీద వచ్చిన రాబడి ఒక హద్దు దాటకపోతే పన్నే లేదట. అప్పట్లో ఆడవాళ్లకు ఆ హద్దు ఇంకాస్త పైన ఉండేది. ముందు పాన్ కార్డు కావాలి. దాని కోసం తీయించుకున్న ఫోటోలో నేను ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటాను, ఇప్పటికీ అదే కార్డు. తరువాత, కోసింది ఎంత, ఎప్పుడు కట్టాడు అని కాంట్రాక్టరు రాసిచ్చే సర్టిఫికెట్ కావాలి. దాని కోసం వాళ్ల ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాం. అక్కడి అకౌంటెంట్ రేపు రేపంటూ నీళ్లు నమిలి, చివరికి మా బావ ఫోను చేస్తే ఇచ్చాడు. బ్యాంకు ఖాతా తెరిచాను. మార్చి గడిచాక బావ రిటర్న్ ఫారం తెచ్చి, చదువుకునే పిల్ల ఎవరైనా ఇది తనంతట తాను నింపుకోగలగాలని, పక్కన కూర్చుని నా చేతే నింపించాడు. వచ్చిందెంత, కోసిందెంత, కట్టాల్సింది సున్నా, కాబట్టి కోసిందంతా వాపసు. పెద్ద విద్యేమీ కాదు. అడ్రసు గడి దగ్గర మాత్రం పెన్ను ఆపాడు. చెక్కు రిజిస్టర్ పోస్టులో వస్తుందని, మనిషి చేతికే ఇస్తారని, తీసుకోక వెనక్కి పోయిందంటే మళ్లీ అర్జీలు పెట్టుకుని ఇంకో ఏడాది ఎదురు చూడాల్సి వస్తుందని హెచ్చరించాడు. ఇల్లు సులువుగా దొరకాలని నేను నా పూర్తి పేరు కింద "తండ్రి" అని నాన్న పేరు కూడా రాశాను. పోయిన మనిషి పేరు ఎందుకని బావ అనలేదు. మన దగ్గర ఆడపిల్ల అడ్రసు అలాగే మొదలవుతుంది కదా.

వానలు వచ్చి పోయాయి, చలి మొదలైంది. సర్వే పని అయిపోయింది. మిగిలిన డబ్బు ఇంటి కప్పుకే సరిపోయింది. చివరి ఏడాది పరీక్ష ఫీజుకు నెలాఖరు గడువు. చేతిలో ఏమీ లేదు, రావాల్సింది ఆ చెక్కు ఒక్కటే. ఫీజు కట్టలేకపోతే పుస్తకాలు అటక మీద పెట్టి తనతో పనికి రమ్మని అమ్మ చెప్పేసింది. కోపంతో కాదు, నిజంగానే వేరే దారి లేక. అమ్మ పని తోటలో రాలిన పామాయిల్ పండ్లు ఏరడం. నాన్న కూర్చున్న చెట్టు ఉన్న తోటలోనే ఆమె అన్నేళ్లూ పని చేసింది. ఎలా చేసిందో నేనెప్పుడూ అడగలేదు. నాకు మాత్రం, పరీక్ష పోతుందన్న దిగులు ఎంతుందో, రోజూ పొద్దున్నే ఆ చీకట్లోకి వంగి నడవాలన్న భయమూ అంతే ఉండేది. రోజూ బాట వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

ఆరోజు అమ్మా మేనత్తా సంతకు పోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దు ఇంకా ఉంది గానీ, చలికాలం కదా, తోట అంచున అప్పుడే నీడ చిక్కబడింది. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. మా కుక్క కాళ్ల దగ్గర పడుకుని ఉంది. అది లేచి నిలబడింది, మొరగలేదు, తోక కాళ్ల మధ్యకు పెట్టుకుని ఇంట్లోకి పోయింది. అప్పుడు తోట లోపలి నుంచి నా పూర్తి పేరు, దాని వెనక "తండ్రి" అని నాన్న పేరు, చివర కొంచెం సాగి, స్పష్టంగా వినబడింది.

పోస్ట్‌మ్యానే అని లేచాను. నా పూర్తి పేరు, నాన్న పేరు కలిపి ఉన్నది ఆ కవరు మీదే కదా. చాట కింద పెట్టాను, నోరు తెరిచాను, కానీ పలకబోయి ఆగిపోయాను. ఎందుకంటే పోస్ట్‌మ్యాన్ అయితే బాట మీద ఉంటాడు, ఈ పిలుపు బాట మీద నుంచి రాలేదు. పైగా ఆ సాగదీత నాకు తెలుసు. రెండోసారి వినబడింది. ఈసారి కొంచెం దగ్గరగా, కొంచెం నవ్వు ఆపుకుంటున్నట్టుగా ఉంది. చెవులు రిక్కించి మూడోసారి కోసం చూశాను. నేను చదువుకున్నదాన్ని, ఇల్లిల్లూ తిరిగి జనానికి ప్రశ్నలు వేసి వచ్చినదాన్ని, ఆ క్షణాన దడి వెనక ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డ ఆ ఇళ్ల వాళ్లలో ఒకదాన్నయిపోయాను. మూడోసారి పిలవలేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చెక్కు గుర్తొచ్చింది. పలకలేదని పోస్ట్‌మ్యాన్ వెళ్లిపోయి ఉంటాడని బాట మీదికి పరిగెత్తాను. ఎవరూ లేరు. బాట దుమ్ములో పొద్దున సంతకు పోయిన అమ్మ అడుగులు, మేనత్త అడుగులు, మేకల డెక్కలు ఉన్నాయి. సైకిల్ చక్రం జాడ ఎక్కడా లేదు. తోట వైపు చూడబోయి చూడకుండానే ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. అమ్మ వాళ్లు వచ్చాక కూడా ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే పక్క ఊళ్లో ఉన్న పోస్టాఫీసుకు పోయాను. పోస్టాఫీసంటే పెంకుటింట్లో ఒక గది, ఒక బల్ల. ఆ మధ్యే బోనకల్ వైపు నుంచి కొత్త పోస్ట్‌మ్యాన్ వచ్చాడని విన్నాను, అదే మొదటిసారి చూడటం. వెనక్కి పంపే ఉత్తరాలు సంచిలో సర్దుతున్నాడు. నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చి పిలిచింది మీరే కదా అని అడిగాను. ఆయన తలెత్తి, "నిన్న నేనసలు అటే రాలేదమ్మా, సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నాను" అన్నాడు. లెక్కలు రాసుకుంటున్న పోస్ట్‌మాస్టర్ కూడా నిజమేనన్నట్టు తలూపాడు. నా పేరు చెప్పగానే పోస్ట్‌మ్యాన్ మొహం మారిపోయింది. నా ఉత్తరం వచ్చి చాలా రోజులైందట. రెండుమార్లు మా ఇంటికి వచ్చాడట, రెండూ నేను నోట్సు కోసం అశ్వారావుపేట పోయి, ఇంట్లో మేనత్త ఒక్కతే ఉన్న రోజులే. "రెండేసి సార్లు పిలిచానమ్మా. లోపల గిన్నెల చప్పుడు వినపడతానే ఉంది, పలికే మనిషి లేరు. మీ కుక్కేమో లోపలికి రానివ్వదు. చీటీ దడికి గుచ్చి వచ్చాను. గడువైపోయింది, ఇవాళ వెనక్కి పంపేస్తున్నా" అన్నాడు. ఆ చీటీ మేకల పాలై ఉంటుంది. బోనకల్ స్టేషన్ దగ్గర రైళ్ల పక్కన పెరిగిన మనిషి, రెండుసార్లు అరిస్తే వినబడని వాడు ఇంట్లో లేడని ఆయన లెక్క. మూడోసారి పిలవని వాడు మనిషే కాదని మా మేనత్త లెక్క. ఆ రెండు లెక్కల మధ్య నా చెక్కు వెనక్కి పోయే సంచిలో పడింది.

సంతకం పెట్టి కవరు తీసుకున్నాను. నడిచి వస్తుంటే దారిలో తెలివొచ్చింది. నిన్నటి ఆ పిలుపు వినబడకపోయి ఉంటే నేను ఈరోజు పోస్టాఫీసుకు పోయి ఉండేదాన్ని కాదు. ఇవాళ కాకుండా రేపు పోయి ఉంటే కవరు అక్కడ ఉండేది కాదు. ఆ తోటల మధ్య బాటలో, ఆ కవరు గుండెలకు అదుముకుని, అటూ ఇటూ చూడకుండా నడిచాను. భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది.

చెక్కు ఖాతాలో పడింది, ఫీజు గడువులోపే కట్టాను. కానీ ఆ సాయంత్రం ఇంట్లో జరిగిందే నాకు ఎక్కువ గుర్తు. పొయ్యి దగ్గర కూర్చుని ఇద్దరికీ మొత్తం చెప్పాను. ఉత్తరం తెచ్చిన మనిషికి పలకనందుకు మేనత్త కొంచెం కూడా నొచ్చుకోలేదు. మూడోసారి పిలవనిది ఆయన తప్పేనంది. నిన్నటి పిలుపు సంగతికి వచ్చేసరికి మాత్రం, అన్నేళ్లుగా అడవి పిలుపుల గురించి నాకు చెబుతూ వచ్చిన మనిషి, "ఎవరో గెలలు కోసేటోళ్లు పిలిచి ఉంటరు తియ్" అని మొహం తిప్పుకుంది. తమ్ముడి గొంతు అన్న మాట ఆమె భరించలేకపోయిందని నాకు చాలా కాలానికి గానీ అర్థం కాలేదు. పాము కరిచింది, అంతే అనే మా అమ్మ మాత్రం చేతిలో కట్టెను పొయ్యిలో పెట్టడం మరిచిపోయి నా వైపు చూసింది. "గొంతు ఎట్లుండె?" అంది. చెప్పాను. "పలికినవా?" అంది. లేదన్నాను. అమ్మ కట్టెను పొయ్యిలోకి తోసి, నన్ను కాదు మంటను చూస్తూ అంది. "అంత దూరం నుంచి వచ్చి పిలిస్తే పలకకపోతివి గద బిడ్డా."

ఆ తరువాత కొన్నాళ్లు అమ్మ పని నుంచి వచ్చాక ఆ వేళకు, తోట వైపు మొహం పెట్టి వాకిట్లో కూర్చునేది. ఎందుకంటే కాళ్లు నొప్పులనేది. ఒకరోజు నేను పక్కనే చదువుకుంటున్నాను. ఆకు కూడా కదలడం లేదు, ఎక్కడా ఏ చప్పుడూ లేదు. అమ్మ తలెత్తి, మెల్లగా, ఎవరికో జవాబిచ్చినట్టు "ఆ" అంది. నేను పుస్తకం పడేసి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అమ్మ నా వైపు తిరిగి నవ్వి, ఏం లేదే, ఊరికే అన్నాను అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆమె దాని తరువాత చాలా ఏళ్లు హాయిగానే బతికింది, నా ఉద్యోగం చూసింది, చెల్లెలి పెళ్లి చూసింది. ఆరోజు ఏం విన్నదో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు అమ్మా లేదు, మేనత్తా లేదు. కిందటేడు ఆ ఊరికి పోతే బండి బాట సిమెంటు రోడ్డయింది, తోట పొడవునా లైటు స్తంభాలున్నాయి. గెలలు కోసే వాళ్ల దగ్గర కూతలు లేవు, ఎవరి జేబులో వాళ్ల ఫోను మోగుతోంది. ఒక ఇంటి ముందు నిలబడి అలవాటు కొద్దీ మూడుసార్లు పిలిచాను. మొదటి పిలుపుకే తలుపు తీసిన ఒక కుర్రాడు, నేను ఆపకుండా మూడూ పిలవడం చూసి, ఒక్కసారి పిలిస్తే చాలు కదా ఆంటీ, చెవుడు లేదు మాకు అన్నాడు. వాళ్లకు భయం లేదు, మంచిదే. మా చెల్లెలి కూతురికి రావాల్సింది గడప దాకా రాకుండా, ఎవరి గొంతూ అవసరం లేకుండా వచ్చి పడింది, అదీ మంచిదే. పలకకపోతే వెనక్కి పోతుందన్న బెంగ ఆ పిల్లకు లేదు. ఆ బెంగతో ఒకరి పిలుపు కోసం వాకిట్లో కూర్చోవడం అంటే ఏమిటో కూడా తెలియదు.

బడిలో నేను రోజూ హాజరు పిలుస్తాను. రాని పిల్లల పేర్లు మూడేసి సార్లు పిలుస్తానని, వినబడకపోవడానికి వాళ్లేమన్నా అడవిలో ఉన్నారా అని పిల్లలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వనీ. ఫోనులో వచ్చే మెసేజీల్లో నా పేరు రోజూ కనబడుతుంది గానీ, ఆ పూర్తి పేరు వెనక నాన్న పేరు కలిపి నోరారా పిలిచే వాళ్లు ఇప్పుడు ఈ భూమ్మీద ఎవరూ లేరు. అప్పుడప్పుడు సాయంత్రం వసారాలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, దిద్దుతున్న పేపరు పక్కన పెట్టి వింటూ ఉంటాను. ఈసారి వినబడితే రెండోదాకా ఆగను. చేతులు కట్టుకుని నిలబడి, మొదటి పిలుపుకే "ప్రెజెంట్ సార్" అంటాను.